ఒక్క ‘గాని’కి ఎన్ని ఇంగ్లీషులో

జనవరి 27, మంగళవారం

కాదు, మాటలు రాక కాదు. అవసరం లేక మాట్లాడను. లాడ్జిలో గదులకి వేడినీళ్ల బకెట్లు మోసేవాడికి మాటలతో పనేముంది? తలుపు కొడతాను. "నీళ్లు" అంటాను. వచ్చేస్తాను. ఆ ఒక్క మాటతో రోజు గడిచిపోతుంది.

ఇది నా నంబరుకి నేనే పెట్టుకుంటున్న మెసేజి. వాట్సాప్‌లో మన పేరు మీద మనమే నొక్కితే ఒక ఖాళీ గది తెరుచుకుంటుంది. ఇక్కడ ఎంత వాగినా ఎవరూ వినరు. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాడు ఇంత టైపు కొడుతున్నాడేమిటని నవ్వరు.

రథసప్తమి జనం వెళ్లిపోయారు. అరసవల్లి రోడ్లన్నీ ఊపిరి పీల్చుకుంటున్నాయి. మా సావుకారు నగరేశ్వరరావు గారు మాత్రం ఫోన్ పట్టుకుని చెమటలు పోస్తున్నారు. ఇంటికెళ్లిన భక్తులందరూ ఫోన్లో రివ్యూలు పెట్టి మా లాడ్జిని తిడుతున్నారట.

"ఒరే సూరీ, ఇటురా. రోజల్లా ఆ ఫోన్లో ఏటి కొడతావురా?"

ఫోన్ జేబులో పెట్టేశాను.

"ఇంగ్లీషే గదా?"

తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాను. అది ఇంగ్లీషు అనుకున్నారు ఆయన. కాదని చెప్పాలంటే నోరు తెరవాలి. తల ఊపేశాను.

"అయితే ఈ తిట్లకి జవాబులు రాయి. ఇంగ్లీషులో, మర్యాదగా. మన లాడ్జి గురించి కూడా నాలుగు ముక్కలు మంచిగా పెట్టు. శివరాత్రికల్లా ఈ గోల సల్లారితే కౌంటరు కుర్సీ నీదే. లేదంటావా, మా మేనల్లుడు విజయ్‌కుమార్ డిగ్రీ సదివి నరసన్నపేటలో కాళీగా ఉన్నాడు. ఆడొచ్చి కూర్సుంటాడు."

నాన్న హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తాడు. మేడల మీద రేకులు బిగించడం. శివరాత్రికి వచ్చి, వెళ్లేటప్పుడు నన్నూ తీసుకుపోతానని ఎప్పటినుంచో అంటున్నాడు. కుర్చీ దొరికితే వెళ్లక్కర్లేదు.

ఎత్తంటే భయం అని కాదు. ఇష్టం లేదు, అంతే.

జనవరి 28, బుధవారం

మొదటి తిట్టు: బాత్రూంలో నీళ్లు పోవడం లేదు, కాళ్లు మునిగాయి.

నిజమే. పోలేదు. రథసప్తమి నాడు అందరూ జిల్లేడాకులు నెత్తిన పెట్టుకుని స్నానం చేస్తారు. చేసి, ఆ ఆకుల్ని అక్కడే వదిలేస్తారు. వాటి వెనకాల రేగిపళ్లు. ఏ తూము ఊరుకుంటుంది? మొన్న నా చెయ్యి మోచేతి దాకా తూముల్లోనే ఉంది.

ఫోన్లో తెలుగు కొడితే ఇంగ్లీషు ఇచ్చేది ఒకటుంది. "నీళ్లు నిలిచాయి గాని ఆకులు మీవే" అని కొట్టాను. ‘గాని’ దగ్గర అది ఒక్క మాట ఇచ్చి ఊరుకోలేదు. బట్, దో, ఆల్దో, హవెవర్, యెట్. ఏది కావాలో నువ్వే చూసుకో అంది.

మనకి ఒక్క గానితో ఇల్లు గడిచిపోతోంది కదా. వాళ్లకి ఇన్ని దేనికి?

జనవరి 29, గురువారం

ఇంకా ఆ తూము జవాబు దగ్గరే ఉన్నాను.

ఫిబ్రవరి 1, ఆదివారం

మాఘమాసం ఆదివారం. గుడి దగ్గర జనం, లాడ్జి నిండా జనం. ఇలాంటి రోజున సావుకారు గారమ్మాయి అనూరాధక్క వచ్చి కౌంటర్లో కూర్చుంటుంది. శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతోంది. నేను మెట్ల మీద కూర్చుని ఆమెకి మెసేజి పెట్టాను. "అక్కా, నీళ్లు నిలిచాయి, బట్ ఆకులు మీవే. ఇలా పెట్టొచ్చా?"

ఆమె ఫోన్ చూసింది. తలెత్తి నన్ను చూసింది.

"ఎదురుగా కూర్సుని మెసేజేటిరా? ఇటురా."

వెళ్లాను.

"ఇది జవాబా, తగువా? బట్ తర్వాత ఏటి పెడతావో అదే ఆళ్లకి గుర్తుంటాది. నువ్వు ‘మీవే’ అని ముగించినావు. ఆళ్లు ఇంకో తిట్టు రాస్తారు. తిప్పి రాయి. ఆకులు మీవే, బట్ మేం తూము మీద జల్లెడ పెట్టాల్సింది. ఇప్పుడు సూడు ఎలగుందో."

మాటలు అవే. చోటు మారాయి. తగువు కాస్తా మర్యాద అయిపోయింది. నాకు నవ్వొచ్చింది. అక్క చూడకుండా నవ్వాను.

"మరి మిగతావి ఎందుకక్కా?" అని మెసేజి పెట్టాను, పక్కనే నిలబడి.

అక్క నెత్తి కొట్టుకుని, గిరాకీల మధ్యలోనే ఒక్కొక్కటీ చెప్పింది. నాకు అర్థమైంది ఇది. బట్ ఆటోవాడు. ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరిపోతాడు, ఎవరూ ఏమీ అనుకోరు. హవెవర్ ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఆఫీసరు. ముందు మాట పూర్తయి ఫుల్‌స్టాప్ పడ్డాకగాని లోపలికి రాడు, వచ్చాక కామా దగ్గర గొంతు సవరించుకుంటాడు. ఆల్దో ముందే ఎదురొచ్చి "తప్పుంది, నాకు తెలుసు" అని ఒప్పేసుకునే మనిషి. అతను వచ్చాక మళ్లీ బట్‌ని పిలవకూడదట. ఇద్దరూ ఒకే పనికి వస్తే ఒకరికి కూలి దండగ.

దో మాత్రం అన్నీ అయిపోయాక చివర్న వచ్చి, మంచం అంచున కూర్చున్నట్టు కూర్చుంటాడు. వచ్చినట్టే తెలియదు.

నాకు దో నచ్చాడు.

రేపట్నుంచి అక్కకి పరీక్షలట. "ఇంక నీ పని నువ్వే సూసుకో" అంది.

ఫిబ్రవరి 2, సోమవారం

తూము జవాబు పెట్టేశాను. ఆ మనిషి మా లాడ్జికిచ్చిన రేటింగులో ఒక చుక్క పెంచాడు! సావుకారుకి చూపించాను. ఆయన మెచ్చుకోలేదు గాని టీ ఇప్పించారు.

ఫిబ్రవరి 3, మంగళవారం

మా సొంత అక్క సుహాసిని పురిటికి వచ్చి ఇంట్లోనే ఉంది. చంటాడు ఎవరినైనా చూసి నవ్వడం నేర్చాడు. పక్కింటి లక్ష్మణమ్మ పిన్ని వాడిని ఎత్తుకుని, "ఓలమ్మ, ఎంత ముద్దుగున్నాడే గుంటడు!" అంది.

అమ్మ వెంటనే అందుకుంది. "ఏటి ముద్దే, ఆ సట్టిముక్కు సూడు. రాత్రల్లా ఏడుపే."

వాడు రాత్రంతా నిద్రపోతాడు. ముక్కు కూడా బాగానే ఉంటుంది. పిన్ని వెళ్లాక అమ్మ కాటుక చుక్క ఇంకొంచెం పెద్దది చేసింది. మంచిని అలా ఖాళీగా వదిలేస్తే దిష్టి కొడుతుంది. పక్కన చిన్న చెడ్డ ఒకటి నిలబెట్టాలి.

నాన్న ఫోన్ చేశాడు. అమ్మ స్పీకర్లో పెట్టింది. పిన్ని మళ్లీ వచ్చి, "దాలయ్యన్నా, మీ సూరి లాడ్జిలో ఇంగ్లీషు రాస్తన్నాడట గదేటి!" అంది.

"ఏటి రాస్తాడమ్మా ఆడు," అన్నాడు నాన్న. "సొంత పేరు అడిగినా సెప్పడు. మూగెదవ. నాతో పనికొస్తే రేకులు మొయ్యడానికి పనికొస్తాడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బాధేమీ లేదు. ఆకలి లేక అన్నం కొంచెమే తిన్నాను.

ఫిబ్రవరి 4, బుధవారం

లాడ్జి గురించి నాలుగు ముక్కలు రాశాను. గదులు శుభ్రం. వేడినీళ్లు ఎప్పుడూ ఉంటాయి. గుడి దగ్గర. గాలి బాగా వస్తుంది. ఓనరు మంచివారు.

మళ్లీ చదువుకుని ఫోన్ బోర్లించేశాను. అన్నీ మంచివే. ఎక్కడా ఒక్క చుక్క లేదు. ఇది ఊళ్లోవాళ్లు మాత్రమే చూసేది కాదు. బరంపురం చూస్తుంది, వైజాగ్ చూస్తుంది, ఎవరి కళ్లు ఎలాంటివో ఎవరికి తెలుసు? అసలే రథసప్తమికి తగిలిన దెబ్బ ఇంకా మానలేదు.

అందుకని ఒక్కొక్క మంచి పక్కన ఒక్కొక్క చుక్క పెట్టుకుంటూ వచ్చాను. గుమ్మడికాయంత దిష్టి తియ్యాల్సిన చోట బట్. మధ్యరకానికి ఆల్దో. చెవి వెనక పెట్టే చుక్కలాంటిదానికి దో. ఓనరు గారి దగ్గర హవెవర్ పెట్టాను, ఆయన హోదాకి అదే సరి.

అన్నీ నిజాలే పెట్టాను. అమ్మలాగా లేని సట్టిముక్కు తేలేదు.

ఇప్పుడు నిశ్చింతగా ఉంది.

ఫిబ్రవరి 6, శుక్రవారం

ఒకాయన అయిదు చుక్కలిచ్చి ఆహా ఓహో అని రాశాడు. భయమేసింది. "థాంక్యూ సార్. మీ గదిలో పరుపు కొంచెం గట్టి, దో" అని జవాబిచ్చాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

బాగా వస్తోంది. ఇలాగే వస్తే కుర్చీ నాదే. కుర్చీకి కొత్త దిండు కావాలి, పాతది నలిగిపోయింది.

పొరపాటున మంచి మాట పైకి అనేశాను. దిండు పాతదే బాగుంది.

ఫిబ్రవరి 10, మంగళవారం

నరసన్నపేట నుంచి విజయ్‌కుమార్ బస్సు దిగి నేరుగా కౌంటరు దగ్గరికి వచ్చాడు. నవ్వు ఆపుకోలేక బుగ్గలు ఉబ్బి ఉన్నాయి.

"మావయ్యా, మీ లాడ్జి గురించి మీవోడు ఏటి రాసినాడో ఎప్పుడైనా సదివించుకున్నారా?"

"బాగానే రాస్తన్నాడు గదరా. తిట్లు తగ్గినాయి."

"తగ్గవా మరి? ఆళ్లు తిట్టాల్సినయి కూడా ఈడే తిట్టేస్తన్నాడు." ఫోన్ తీసి ఒక్కొక్కటీ తెలుగు చేసి చదివాడు. "గదులు శుభ్రంగా ఉంటాయి, గాని మేడ మీద మూల గది అద్దంలో మొహం సొరకాయలాగ కనిపిస్తాది. వేడినీళ్లు ఎప్పుడూ ఉంటాయి, తెచ్చే కుర్రాడు మాత్రం నెమ్మది. గాలి బాగా వస్తాది, అయితే కింద గదుల్లో ఫ్యాన్లు కటకటమంటాయి."

సావుకారు నోరు తెరుచుకుని నా వైపు చూస్తున్నారు. నేను గోడ వైపు చూస్తున్నాను.

"ఇది ఇనండి. ఓనరు చాలా మంచివారు. అయినప్పటికీ, గట్టిగా అరుస్తారు."

"నానెప్పుడు అరిసినానురా!" అని అరిచారు సావుకారు.

వీధిలో వెళ్తున్న ఆటో ఆగింది, పిలిచారేమో అని.

"సెప్పరా! ఉప్పు తిని ఇలగ రాస్తావేటి? ఎవుడు రాయమన్నాడు?"

జేబులోంచి ఫోన్ తీసి మెసేజి కొట్టబోయాను. "నోటితో సెప్పు!" అన్నారు.

"దిష్టి బాబూ," అన్నాను.

"ఏటి?"

"అన్నీ మంచియ్యే రాస్తే దిష్టి తగుల్తాది బాబూ."

సావుకారు గుమ్మం వైపు చూశారు. అక్కడ ఆయనే కట్టించిన బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది.

"దిష్టికి గుమ్మడికాయ ఉన్నాది గదరా!"

"అది గుమ్మానికి బాబూ. ఫోనుకి లేదు గదా."

ఇంత పెద్ద మాట ఆయన ముందు నేనెప్పుడూ అనలేదు. విజయ్‌కుమార్ కుర్చీలో పడి పడి నవ్వాడు. అదే కుర్చీ. సావుకారు ఒక్క క్షణం ఆలోచనలో పడ్డారు గాని, మేనల్లుడి ముందు తగ్గితే బాగుండదు.

"రేపట్నించి బకెట్లు సూసుకో. ఫోను ఆడు సూస్తాడు."

ఫిబ్రవరి 11, బుధవారం

బకెట్లు.

హైదరాబాద్‌లో మేడలు ఎంత ఎత్తు ఉంటాయో ఫోన్లో చూశాను. చూడకుండా ఉండాల్సింది.

ఫిబ్రవరి 12, గురువారం

బకెట్టు దించి వస్తుంటే విజయ్‌కుమార్ కౌంటర్లోంచి పిలిచాడు. చేతిలో లాడ్జి ఫోన్.

"ఒరే సూరీ, ఇది నీ గిరాకీ. నువ్వే మాట్లాడు."

వద్దని తల ఊపాను. చెవి దగ్గర పెట్టేశాడు. బరంపురం నుంచి ఒక పెద్దాయన. తెలుగూ ఒడియా కలిపి మాట్లాడుతున్నాడు. ఫ్యాన్ల గురించి రాసినవాడు నువ్వేనా అన్నాడు. అయిపోయింది అనుకున్నాను.

"అన్ని లాడ్జీలూ బెస్ట్, బెస్ట్ అని రాస్తాయి. మీ ఒక్కటే ఫ్యాను గోల చేస్తుందని రాసింది. మా అమ్మకి ఫ్యాను చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు. నిజంగా చేస్తుందా? అబద్ధం చెప్పకు బాబూ, ముసలావిడ."

సావుకారు కూడా వచ్చి పక్కన నిలబడ్డారు. ఫోన్ కింద పెట్టేసి పారిపోదామనిపించింది. ఆ పెద్దాయన మాత్రం అటు ఎదురుచూస్తున్నాడు, ఊపిరి వినిపిస్తోంది.

"సప్పుడు వస్తాది బాబూ," అన్నాను. "గాని గాలి కూడా వస్తాది."

"సప్పుడు బాగా వస్తుందా?"

"బాగా వస్తాది బాబూ. కిటికీ పక్క గదిలో ఇంకా ఎక్కువ."

ఆయన పెద్దగా నవ్వాడు. శివరాత్రికి కింద గదులన్నీ కావాలన్నాడు. ఆదివారం సూర్యనారాయణమూర్తి దర్శనం, ఆ తర్వాత ముఖలింగం. చుట్టాలంతా వస్తున్నారట.

ఫోన్ పెట్టేశాను. ముందు విజయ్‌కుమారే అన్నాడు. "మావయ్యా, ఈ కుర్సీ నాకొద్దు. కటకటమనే ఫ్యాన్లని అమ్మడం నాకు సేత కాదు. నేను ఉద్యోగం పరీక్షలకి సదువుకోవాల."

సావుకారు గుమ్మడికాయ వైపు ఇంకోసారి చూశారు. గొంతు బాగా తగ్గించారు.

"ఒరే, నువ్వన్నది తప్పని కాదు. గాని దిష్టికి ప్రతిచోటా గుమ్మడికాయ కట్టకూడదురా. నిమ్మకాయంత సాలు. నా అరుపుల ముక్క తీసేయ్."

"సరే బాబూ."

"దాలయ్య వచ్చినాక నాతో మాట్లాడమను. మీ అయ్య ఒప్పుకుంటేనే కుర్సీ. నువ్వే సెప్పుకోవాల ఆడికి. నాను సెప్పను."

అద్దం దగ్గర బట్ తీసి దో పెట్టాను. సావుకారి హవెవర్ పూర్తిగా తీసేశాను. ఆఫీసరు లేచి వెళ్లిపోయాడు. ఫ్యాను ముక్క అలాగే ఉంచాను.

ఫిబ్రవరి 14, శనివారం

నాన్నతో ఏం చెప్పాలో ఇక్కడ రాసుకుందామని కూర్చున్నాను.

వస్తాను నాన్నా, గాని

రాను నాన్నా, అయినా

నాన్నకి చదువు రాదు. మెసేజి పెట్టి తప్పించుకోవడానికి లేదు.

ఫిబ్రవరి 16, సోమవారం

నాన్న నిన్న వచ్చాడు. సంచి భుజాన ఉండగానే లాడ్జికి వచ్చాడు. బరంపురం వాళ్లతో కింద అంతా కళకళలాడుతోంది. ముసలావిడ కునుకు తీసి లేచి, "ఫ్యాను బంగారం" అని వచ్చినవాళ్లందరికీ చెబుతోంది.

సావుకారు నాన్నని కూర్చోబెట్టారు. "దాలయ్యా, నీ కొడుకు పనిమంతుడురా. ఈ గిరాకీ అంతా ఆడి మాట మీద వచ్చిందే."

"ఏటి మాట సావుకారూ," అన్నాడు నాన్న. "అన్నం తినడానికి తప్ప నోరు తెరవడు ఆడు."

నాన్న నా వైపు తిరిగాడు.

"ఏరా, సామాను సర్దుకున్నావా? రేపు బస్సు."

సావుకారు కావాలనే రసీదు పుస్తకం తిరగేస్తున్నారు. అందులో ఏమీ లేదు. నేను గొంతు సవరించుకున్నాను, కామా దగ్గర ఆగినట్టు.

"రాను నాన్నా."

"ఎందుకురా?"

రాసుకున్నవేవీ గుర్తు రాలేదు. "ఎత్తంటే భయం నాన్నా," అన్నాను.

ఇన్నాళ్లూ ఈ మెసేజి గదిలో కూడా ఒప్పుకోని మాట అది. అందరి ముందూ అనేశాను. నాన్న భుజాన ఉన్న సంచి దించి నేల మీద పెట్టాడు.

"నాకూ భయమేరా," అన్నాడు. "మొదట్లో కళ్లు మూసుకుని ఎక్కేవోణ్ని. అలవాటైపోనాది."

అంతే. మళ్లీ రమ్మని అనలేదు. సావుకారు టీ తెప్పించారు. ముగ్గురం తాగాం.

ఈరోజు నేను కుర్చీలో కూర్చున్నాను. కూర్చుంటే కిర్రుమంటుంది. బస్సు ఎక్కేముందు నాన్న వచ్చి, తన ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"మా సూపర్‌వైజరుకి ఒక ముక్క కొట్టు. ఆడు తెలుగోడు కాడు, ఇంగ్లీషులో పెట్టు. కొడుకుని తెస్తానని మాటిచ్చినాను. ఆడు రాడని సెప్పు."

ఊరికే రాడు అంటే నాన్న మాట పోతుంది. మర్యాదగా ఉండాలి. ఆలోచించి కొట్టాను: మై సన్ ఈజ్ ఎ గుడ్ వర్కర్, బట్ హీ విల్ నాట్ కమ్.

"సదువు," అన్నాడు నాన్న.

"మా అబ్బాయి మంచి పనివాడు, గాని రాడు."

నాన్న చుట్టూ చూశాడు. గొంతు తగ్గించి నా మీదకి వంగాడు.

"ముందు మాట తీసేయ్. నిన్ను ఎంతమంది ముందు తిట్టుకుంటా కాపాడుకొస్తన్నాను నాను? ఆడి కళ్లు అసలే మంచియి కావు. పరాయి ఊరోడికి అలగ పొగిడి రాస్తారేటిరా?"

కొంచెంసేపు నాకు ఫోన్ తెర కనపడలేదు. నాన్న సంచి సర్దుకుంటున్నట్టు అటు తిరిగాడు.

తీసేశాను. ఆ మాట పోయాక బట్‌కి పనేమీ మిగల్లేదు, దాన్నీ తీసేశాను. మై సన్ విల్ నాట్ కమ్. అదొక్కటే వెళ్లింది. నాన్న బస్సెక్కి కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

ఆ సూపర్‌వైజరు ఎవరో, నాన్నని ఏమంటాడో తెలియదు. నాన్న తీయమన్న మాట మాత్రం ఇక్కడ ఉంచుకున్నాను, ఇది ఎవరూ చూడరు కదా. ఒకవేళ నువ్వెవరివైనా చూసేస్తే, చూసి మంచిగా ఏదైనా అనాలనిపిస్తే, పక్కన చిన్న చుక్క ఒకటి పెట్టి అంటావా?